నాలుగు అట్టల హత్య

ఆ పుస్తకాన్ని నాలుగు ముక్కలుగా కోసింది నేనే. కోయించింది మాత్రం లైబ్రేరియన్. ఎవరైనా నిలదీస్తే ఆవిడ వైపు వేలు చూపించడానికి నాకేమీ మొహమాటం లేదు.

మా వీధి చివరి లైబ్రరీలో చిరిగిన పుస్తకాలన్నీ బైండింగ్‌కు నా దగ్గరికే వస్తాయి. ఇంటి ముందుగదే నా దుకాణం. పెద్ద బల్ల, కటింగ్ మెషీను, జిగురు గిన్నె, రంగురంగుల గుడ్డముక్కల మూట, కిటికీ పక్కన మా అత్తయ్య కుర్చీ. అత్తయ్యకు చూపు బాగా తగ్గిపోయింది. ఎదురుగా మనిషి నిలబడితే ఆకారం తెలుస్తుంది గానీ మొహం తెలియదు. అయినా ఖాళీగా కూర్చునే రకం కాదు. అచ్చయిన కాగితాలు ఒళ్లో పెడితే తడుముకుంటూ అంచుకు అంచు కలిపి మడతపెడుతుంది. నేను కళ్లు పెట్టుకుని మడిచినవాటి కంటే ఆవిడ మడతే తిన్నగా ఉంటుందని ఒప్పుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

లైబ్రేరియన్ ఓ లావుపాటి పుస్తకం తెచ్చి బల్లమీద పడేసింది.

“ఒకటే కాపీ. అడిగేవాళ్లేమో క్యూ కడుతున్నారు. తీసుకెళ్లినవాళ్లు ఓ పట్టాన తెచ్చివ్వరు. నాలుగు భాగాలు చేసి, దేనికదే అట్టలెయ్యి. ఒకేసారి నలుగురు చదువుకుంటారు.”

“పుస్తకమండీ ఇది, రొట్టె కాదు ముక్కలు చేసి పంచడానికి,” అన్నాను.

“నువ్వు చదువుతావా ఏంటి, బాధపడటానికి?”

అదీ నిజమే. రోజంతా పుస్తకాలతో కుస్తీ పట్టేదాన్ని, పని అయ్యాక మళ్లీ పుస్తకం మొహం చూడాలంటే ఒళ్లు మండుతుంది. సరేనని కుట్లు విప్పాను. ఉన్న గుడ్డముక్కలు ఏరితే ఒకే రంగు నాలుగింటికి సరిపోలేదు. ఎర్రదొకటి, నీలందొకటి, ఆకుపచ్చదొకటి, పసుపుదొకటి వేశాను. అట్టల వీపు మీద ఒకటి, రెండు అని అంకెలు వెయ్యనా అని అడిగితే, “లోపల పేజీ నంబర్లున్నాయిగా, ఆ మాత్రం తెలియదా జనానికి?” అంది ఆవిడ.

తెలియలేదు. తెలిసినా పట్టించుకోలేదు. ఎవరికి ఏ రంగు దొరికితే దానితోనే మొదలుపెట్టారు.

అది కట్టుకథ కాదు. డెబ్బై ఏళ్ల కిందట ఎక్కడో వేరే ఊళ్లో నిజంగా జరిగిన కేసు. ఫొటో స్టూడియో నడిపే ఒకాయన తన చీకటిగదిలో టీ తాగి కుప్పకూలిపోయాడు. ఫొటోలు కడిగే మందు ఆ టీలో ఉంది. భార్యే కలిపిందని కోర్టు శిక్ష వేసింది. నేను కలపలేదు మొర్రో అంటూనే ఆవిడ జైల్లో జబ్బుచేసి పోయింది. రాసినాయన పాత కోర్టు కాగితాలూ పత్రికలూ తిరగేసి, దాన్ని నవల చెప్పినట్టు చెప్పాడు. ఎర్ర అట్టలో వాళ్ల కాపురం. నీలం అట్టలో చావు, పోలీసులు, కొన్ని ఫొటోలు. ఆకుపచ్చలో కోర్టు. పసుపులో రాసినాయన సొంతంగా తీసిన ఆరాలు, అనుమానాలు. మందు సీసా బిరడా బిగించి పై అరలో ఉండేది కాబట్టి పొరపాటున కలిసిందనడానికి వీల్లేదు. ఆవిడ కలిపి ఉండాలి, లేదా ఆయనే కలుపుకుని ఉండాలి. అందరూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

ఇంకేముంది, వీధి వీధంతా అట్టుడికిపోయింది.

మా ఎదురుగా టైర్ల కొట్టాయన ఉన్నాడు. కోర్టు మెట్లెక్కిన పాపాన పోలేదు గానీ, ప్రతిదానికీ తీర్పు చెబుతాడని అందరూ ఆయన్ని జడ్జిగారంటారు. ఆయనకు ముందు ఆకుపచ్చది దొరికింది. “జైలుతో సరిపెట్టారు, ఉరి వెయ్యాల్సింది!” అని టైరు మీద చరిచి మరీ చెప్పాడు. ఆసుపత్రి నర్సమ్మకు ముందు పసుపుది దొరికింది. “ఆ మహాతల్లిని అన్యాయంగా పొట్టనబెట్టుకున్నారు. వాడే తాగి చచ్చాడు. చస్తూ చస్తూ పెళ్లాన్ని ఇరికించాడు,” అని ఆవిడ ఇంజెక్షన్ చేస్తూ చెప్పేదట, సూది దిగిన సంగతి కూడా తెలిసేది కాదట. సెలూన్ ఆయన నీలం అట్టలో ఆ భార్య ఫొటో చూశాడు. “ఆ కళ్లు చూడండి, ఆ కళ్లే చెబుతున్నాయి,” అనేవాడు. ఏం చెబుతున్నాయంటే మాత్రం కుర్చీలో కూర్చున్న గిరాకీని బట్టి ఉండేది.

తర్వాత వాళ్లు మిగతా భాగాలు మార్చుకుని చదవకపోలేదు. చదివారు. వాదనలో నెగ్గడానికి చదివారు. జడ్జిగారు పసుపుదంతా పూర్తిచేసి, “అబ్బే, రాసినవాడికి ఆడవాళ్లంటే జాలి,” అని తేల్చేశాడు. నర్సమ్మ ఆకుపచ్చది చదివి, “సాక్షులంతా అమ్ముడుపోయారు,” అంది. ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే బిగుసుకుపోయారు.

ఒకరోజు మధ్యాహ్నం వీళ్లిద్దరూ ఒకేసారి నా దుకాణానికి తగలడ్డారు. ఆవిడ ఆసుపత్రి రిజిస్టర్లకు అట్టలు వేయించాలట. ఆయనకు పనేమీ లేదు, ఆవిడ వస్తుంటే చూసి వెనకే వచ్చాడు. నా జిగురు ఆరిపోతోందని నేను మొత్తుకుంటున్నా వినకుండా పావుగంట అరుచుకున్నారు. చివరికి నర్సమ్మే అంది:

“అదంతా సరే, వాళ్లకి రెండేళ్ల పిల్ల ఉండేదిగా. దాని గతేమైందో పాపం.”

“ఆచూకీ దొరకలేదని రాశాడుగా,” అన్నాడు జడ్జిగారు. “పోయే ఉంటుంది. ఉన్నా, అలాంటి కొంపలో పుట్టిన పిల్ల ఏం బాగుపడుతుంది?”

వాళ్లు వెళ్లాక నేను మళ్లీ జిగురు కలుపుతున్నాను. కిటికీ దగ్గర కాగితాల చప్పుడు ఆగిపోయింది.

“అమ్మాయ్,” అంది అత్తయ్య. “నేను బాగుపడలేదంటావా?”

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో బ్రష్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు, రెండ్రోజుల తర్వాత కుర్చీ కింద దొరికింది.

ఆ పిల్ల మా అత్తయ్యే. వాళ్ల పెద్దమ్మ తీసుకెళ్లి వేరే ఊళ్లో పెంచుకుంది. మీ అమ్మ బంగారం, మీ నాన్నే విషం తాగి, దాన్ని జైలుపాలు చేసి చంపేశాడు అని చెప్పింది. ఏటా అమ్మ పోయిన రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని ఏడ్చేవాళ్లు. నాన్న ఊసెత్తితే మాత్రం పెద్దమ్మ చేతిలో ఉన్న గిన్నె నేలకు కొట్టేది. పెళ్లయ్యాక ఎక్కడో నాన్న తరఫు ముసలాయన ఎదురుపడి, నీ తల్లి హంతకురాలు అన్నాడు. అప్పటినుంచీ రెండు మాటలూ మోస్తూనే ఉంది ఈ మనిషి. మావయ్యకు చెప్పలేదు, కడుపున పుట్టిన కొడుక్కీ చెప్పలేదు.

“మీ ఆయనకి చెప్పకు,” అంది. “నాకు ఒక్కటి తెలిస్తే చాలే. చంపిందా, చంపలేదా. పోయేలోపు ఆ ఒక్క ముక్క ఎవరైనా చెబితే చాలు.”

“ఓస్, అదెంత పని! చదివితే పోలా?” అన్నాను. అంత ధీమాగా ఎందుకన్నానో నాకే తెలియదు. ఏడుపు వస్తుంటే నోరు పెద్దది చేసుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు.

ఎర్రది కావాలని లైబ్రరీకి పరిగెత్తాను. ఎర్రది బయట ఉంది. నీలం కూడా బయటే. ఆకుపచ్చది ఉంది, కావాలా అంది లైబ్రేరియన్. చేతికందింది వదులుకోవడమెందుకని తెచ్చాను. అందరూ చేసిన తెలివితక్కువ పనే నేనూ చేశాను.

మధ్యాహ్నాలు తలుపు దగ్గరగా వేసి చదివి వినిపించేదాన్ని. కోర్టులో సాక్షులు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. టీ పెట్టింది ఆవిడ. మందు సీసా అందించేది ఆవిడ. ఆ ముందురోజే మొగుడితో గొడవపడింది ఆవిడ. పూర్తయ్యేసరికి నాకు సందేహమే లేదు, చంపింది. అత్తయ్య మొహం చూడలేకపోయాను. ఆవిడ “సరే” అంది, అంతే. ఆ రాత్రి అన్నం కలిపి అలాగే వదిలేసింది. మర్నాడు మడిచిన కాగితాలన్నీ వంకరే. ఒక్కటి కూడా పనికిరాలేదు. అన్నీ విప్పి నేనే మళ్లీ మడిచాను.

తర్వాత పసుపుది దొరికింది. గొడవ సంగతి చెప్పిన సాక్షి ఆ రోజు ఊళ్లోనే లేడట. మొగుడేమో అంతకు ముందే ఒకసారి చచ్చిపోతానని బెదిరించాడట. అంటే చంపలేదు! నేను గట్టిగా ఊపిరి పీల్చుకుని, “చూశారా, నేను చెప్పలేదూ?” అన్నాను. నేనేమీ చెప్పలేదు. అత్తయ్య మొహం వెలిగి, అంతలోనే మళ్లీ నల్లబడింది. ఎందుకో నాకప్పుడు బోధపడలేదు, నాకు కోపం కూడా వచ్చింది. మంచిమాట చెప్పినా ఈవిడకు రుచించదేం అనుకున్నాను.

ఎర్రది వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. అందులో ఆయన ఉన్నాడు. బతికి ఉన్నాడు. పిల్లలు నవ్వాలని కెమెరా నల్లగుడ్డ కిందనుంచి పిల్లిలా అరిచేవాడట. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని, తన కూతురి ముందు కూడా అదే అరుపు అరిచేవాడట.

“ఆగు,” అంది అత్తయ్య. “అదింకోసారి చదువు.”

చదివాను. మరోసారి చదవమంది. చదివాను. దాని తర్వాతి పేజీలోనే ఆయన పెళ్లాన్ని అనుమానించి గదిలో పెట్టి గొళ్లెం వేసిన సంగతి ఉంది. అది మింగేద్దామా అనుకున్నాను. మింగలేదు, అదీ చదివాను. దానికీ ఆవిడ “సరే” అనే అంది.

చివరికి నీలం. వాళ్లమ్మ ఫొటో ఉన్న పేజీ విప్పి ఆవిడ చేతికిచ్చాను. కిటికీ వెలుగులో దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, కంటికి ఆనించుకుని చూసింది.

“ఎవరిలా ఉందే?”

“మీలాగే ఉంది. ముక్కయితే అచ్చం మీదే.”

“అది కాదు. చంపినదానిలా ఉందా?”

“ఫొటో దిగేటప్పుడు అందరూ అలాగే ఉంటారు అత్తయ్యా.”

నవ్వింది. నేనూ నవ్వాను.

నాలుగు భాగాలూ అయ్యాయి. నాకు ఒక్క ముక్క తేలలేదు. పొద్దున లేవగానే చంపలేదనిపించేది. జిగురు ఆరేసరికి చంపిందనిపించేది. అన్నం వార్చేటప్పుడు ఒకమాట, గిన్నెలు కడిగేటప్పుడు ఒకమాట. చంపి ఉంటే బాగుండునని కూడా ఒకసారి అనిపించింది, ఆ గొళ్లెం సంగతి గుర్తొచ్చి. అలా అనిపించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ పుస్తకం రాసినాయన మీద మాత్రం పీకలదాకా కోపం వచ్చింది. తెలియనప్పుడు రాయడమెందుకు? ఇంత వివరంగా తెలియకపోవడమెందుకు?

ఇంతలో లైబ్రేరియన్‌కు మరో బుద్ధి పుట్టింది. పుస్తకం చదివినవాళ్లంతా ఆదివారం సాయంత్రం లైబ్రరీలో కలవాలట. అందరూ తలా ఒక మాట చెప్పాక చేతులెత్తి ఓటు వెయ్యాలట. విషయం మా గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్లింది.

“నన్ను తీసుకెళ్లు,” అంది అత్తయ్య.

“ఎందుకండీ? ఆ జడ్జిగారి నోరు మీకు తెలియదా?”

“ఇంతమంది చదివారు కదే. ఒక్కరికైనా తెలిసి ఉండదూ?”

ఆవిడ ఆశ చూసి కాదనలేకపోయాను. వెళ్లేదాకా నాకు ఒకటే బెంగ. అక్కడ ఎవరు ఏం కూస్తారో, ఈవిడ ఎక్కడ కూలబడుతుందో అని.

లైబ్రరీలో బల్లలు పక్కకు జరిపి కుర్చీలు వేశారు. నల్లబోర్డు మీద లైబ్రేరియన్ గీత గీసి, ఒకవైపు ‘చంపింది’, రెండోవైపు ‘చంపలేదు’ అని రాసింది. మేం వెనక వరసలో కూర్చున్నాం. ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. అందరికీ అన్నీ తెలుసు. టీ ఏ గ్లాసులో పోసిందో తెలుసు, చీకటిగది తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలుసు, ఆవిడ జైల్లో ఏ మంచం మీద పడుకుందో తెలుసు. మధ్యలో ఎవరో తెచ్చిన బిస్కెట్లు పంచారు. బిస్కెట్ కొరుకుతూ సెలూన్ ఆయన, ప్రాణం పోయేటప్పుడు ఆ స్టూడియో ఆయన ఎలా గిలగిల్లాడాడో చేసి చూపించాడు. కొందరు నవ్వారు. అత్తయ్య చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. నేనిక ఉండబట్టలేక లేచాను.

“మీరెవరూ ఆ పుస్తకాన్ని వరసలో చదవలేదు. ఆకుపచ్చతో మొదలెట్టినవాళ్లంతా చంపిందంటున్నారు, పసుపుతో మొదలెట్టినవాళ్లంతా లేదంటున్నారు. నేను అట్టల మీద అంకెలు వేసుంటే మీ తీర్పులు కూడా వేరేగా ఉండేవి!”

“ఎటునుంచి చదివినా హత్య హత్యేనమ్మా,” అన్నాడు జడ్జిగారు.

“నువ్వు వరసలో చదివావా?” అని నర్సమ్మ నన్నడిగింది. కూర్చున్నాను.

“సరే, చంపింది అనేవాళ్లు చేతులెత్తండి,” అంది లైబ్రేరియన్.

చేతులు లేచాయి. నా పక్కన అత్తయ్య కుడిచెయ్యి కూడా లేచింది. ఆవిడ మనసులో ఇదా ఉంది? లైబ్రేరియన్ లెక్క చూసుకుని బోర్డు మీద వేసింది.

“ఇక చంపలేదు అనేవాళ్లు.”

మిగతావాళ్లు ఎత్తారు. అత్తయ్య కుడిచెయ్యి దించలేదు. ఎడమచెయ్యి కూడా ఎత్తింది. రెండు చేతులూ పైకి పెట్టి, బోర్డు ఉందనుకున్న వైపుకు మొహం పెట్టి కూర్చుంది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“అమ్మగారూ, మీరు ఇందాక కూడా ఎత్తారండీ,” అంది లైబ్రేరియన్, నెమ్మదిగానే. “ఏదో ఒకటే చెప్పాలి. ఒక చెయ్యి దించెయ్యండి.”

“ఏది దించనమ్మా?” అంది అత్తయ్య. “చంపిందంటే నాకు అమ్మ లేకుండా పోతుంది. చంపలేదంటే నాన్న లేకుండా పోతాడు. రెండేళ్ల పిల్లని వదిలేసి, దాని తల్లిని జైలుకి పంపడానికి విషం తాగినవాడైపోతాడు. మీరంతా చదువుకున్నవాళ్లు. ఏ చెయ్యి దించాలో మీరే చెప్పండి.”

అర్థం కావడానికి కొందరికి కాస్త సమయం పట్టింది. నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సెలూన్ ఆయన బిస్కెట్ మిగిలిన ముక్క ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పిట్లో దాచుకున్నాడు. జడ్జిగారు లేచి నిలబడి, కూర్చుని, మళ్లీ లేచాడు.

“అమ్మా, నేను... పుస్తకమే కదా అనుకున్నానమ్మా,” అన్నాడు.

“తప్పు లేదు బాబూ. నేనూ పుస్తకంలో ఉంటుందనే అనుకున్నాను.” చేతులు నొప్పి పుట్టాయేమో, ఒళ్లోకి దించుకుంది. “నాకు మాత్రం ఇంకొక్కసారి ఓటు పెట్టండి. అనుకోవడం కాదు. ఏం జరిగిందో నిజంగా తెలిసినవాళ్లు చేతులెత్తండి.”

లైబ్రేరియన్ సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయింది. అత్తయ్య కొంచెంసేపు ఆగి నావైపు తిరిగింది.

“ఎవరైనా ఎత్తారా అమ్మాయ్?”

చూసి చెప్పాల్సింది నేనే. ఒక్కరు ఎత్తినా బాగుండునని, ఎవరో ఒకరు అబద్ధానికైనా ఎత్తితే బాగుండునని గదంతా ఇంకోసారి చూశాను.

“లేదు అత్తయ్యా. ఎవరూ ఎత్తలేదు.”

“సరే,” అని లేచింది.

బయటికొచ్చాక నా భుజం పట్టుకుని మామూలుగానే నడిచింది. వెనక గుమ్మంలో అందరూ నిలబడి ఉన్నారు, ఒక్కరూ మా వెంట రాలేదు. మలుపు తిరిగాక టైర్ల కొట్టు ముందు, మూసిన షట్టర్ దగ్గర, ఒక పాత టైరు మీద కూర్చుండిపోయింది. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాను. నీళ్లు తెమ్మంటారా అన్నాను. తల అడ్డంగా ఊపింది.

“అటైనా ఇటైనా ఆయన చచ్చిపోయాడు కదే,” అంది.

“ఎవరు అత్తయ్యా?”

“మా నాన్న. అమ్మ కోసం ఏటా ఏడ్చాం. ఆయన కోసం ఏడిస్తే అమ్మ చంపిందని నేను ఒప్పుకున్నట్టే కదా, పెద్దమ్మ ఇంట్లో. అందుకని ఏడవలేదు. ముందు తేలాలి, తేలాక ఏడుద్దాం అనుకున్నాను. ఇంకెప్పుడు తేలుతుందే?”

పక్కనున్న ఇంకో టైరు మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. డెబ్బై దాటిన ఆ మనిషి, దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నా లెక్కచెయ్యకుండా, నాన్నా నాన్నా అని చంటిపిల్లలా బావురుమంది.

ఆ సాయంత్రం మా అత్తయ్యకు నాన్న పోయాడు.